పరమేష్ సారు మూడో పాయింటు

పరమేష్ సారుకు వరదలంటే చాలా ఇష్టం, అవి పుస్తకంలో ఉన్నంతవరకు.

జడ్చర్లకు బస్సులో అరగంట దూరంలో ఉన్న మా ఊరి ఉన్నత పాఠశాలలో ఆయన సాంఘిక శాస్త్రం చెప్పేవాడు. మిగతా పాఠాలన్నీ కుర్చీలో కూర్చొని సగం కునుకుతో ముగించేవాడు. వరదల నివారణ పాఠం వచ్చిందంటే మాత్రం చొక్కా చేతులు మడిచి లేచి నిలబడేవాడు. నల్లబల్ల మీద ఒక ఆనకట్ట గీసేవాడు. అది ఏ ఏడు చూసినా బోర్లించిన తట్టలాగే ఉండేది. మూసీ పొంగి హైదరాబాదును ముంచడం, ఆ తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించడం, నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టించడం, అలీ నవాజ్ జంగ్ పనితనం, ఇవన్నీ కళ్ళు సగం మూసుకొని చెప్పేవాడు. వినేవాళ్ళకు ఆ ఇద్దరు ఇంజనీర్ల మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉందనీ, సారు కొంచెం ఆలస్యంగా పుట్టడం వల్లే అందులో కూర్చోలేకపోయాడనీ అనిపించేది.

నిజానికి ఆయన పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసి తప్పాడు. అచ్చంపేట దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, బీఈడీ చదివి, సర్కారు టీచరు అయ్యాడు. అది చిన్న సంగతేమీ కాదు. ఆయనకే చిన్నదిగా కనిపించింది. ఇంజనీర్ల మీద ఆయనకున్న భక్తిలో సగం ఆ తప్పిన పరీక్ష నుంచి వచ్చిందే. మిగతా సగం ఉపన్యాసం తర్వాత వచ్చే చప్పట్ల నుంచి వచ్చింది.

తెలంగాణ వచ్చాక మా బడిలో ఇంజనీర్ల దినోత్సవం ఏడాదికి రెండు మార్లు జరిగేది. జులైలో అలీ నవాజ్ జంగ్ పేరిట ఒకటి, సెప్టెంబరులో విశ్వేశ్వరయ్య పేరిట ఒకటి. రెండింటికీ ఉపన్యాసం ఒకటే, ఫోటో మాత్రం మారేది. ఒకసారి ఫోటో మార్చడం మరిచిపోయారు. ఉపన్యాసానికి ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆయనది పాయింట్ల పద్ధతి. వరదలకు కారణాలు ఆరు, నివారణ మార్గాలు ఆరు. ఆయన చెబుతాడు, మేము రాసుకుంటాం, మర్నాటి నుంచి క్లాసంతా ఒకే గొంతుతో అప్పజెబుతుంది. ఒక్కో పాయింటుకు చిటికెన వేలు మొదలుకొని ఒక్కో వేలు ముడవాలి. వేలు ముడవని వాళ్ళకు దెబ్బ. అర్థం అడిగిన వాళ్ళకు జవాబు: "ముందుగాల నోటికి రానియ్ బిడ్డా, అర్థం అదే ఎనక నుంచి వస్తది." ఆయన పాతికేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాడు. అర్థం ఇంకా దారిలోనే ఉంది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో వరసగా వానలు ఎగ్గొట్టాయి. మా ఊరచెరువు ఎండి పగుళ్ళు బారింది, నడిమధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుకునేవాళ్ళు. ఆ కాలంలోనే సారు ఇల్లు కట్టుకోవాలనుకున్నాడు. గిరి అనే రైతు తన శిఖం చెలక అమ్ముతానన్నాడు. శిఖమంటే చెరువు నిండితే నీళ్ళు నిలిచే నేల, ఎండితే దోసకాయలు పండే నేల. గిరి ఈ మాట దాచలేదు. సారే వినలేదు. తారు రోడ్డు ఆనుకొని ఉంది, ఎదురుగా కనుచూపు మేర ఖాళీ, గాలి బాగా వీస్తుంది. ఖాళీ ఎందుకుందో ఆయన అడగలేదు.

పునాదులు తవ్వుతుంటే బక్కమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని అటుగా వచ్చి నిలబడింది. చెరువు కాలువ చివర ఆమెకు కొంత పొలం ఉంది. ఊళ్ళో ఎవరి పని జరుగుతున్నా నిలబడి చూడటం ఆమె అలవాటు.

"సారూ, నత్తగుల్లలు బాగనే ఎల్లుతున్నయి."

"ఎల్లుతయి అవ్వా. గుల్లలున్న నేల గట్టిగుంటది."

"గట్లనా. నత్తలు గూడ సూసి సూసి మంచి జాగలనే కట్టుకున్నయన్నట్టు."

సారు నవ్వాడు. తనను మెచ్చుకుందనుకున్నాడు. ఇల్లు పూర్తయ్యాక గేటు మీద 'జలసౌధ' అని రాయించాడు. హైదరాబాదులో నీటిపారుదల శాఖ పెద్దాఫీసు పేరు అది. గృహప్రవేశానికి క్లాసంతా వెళ్ళాం. ఆయన భార్య శ్రీవాణి మేడమ్ లడ్డూలు పంచుతూ, గోడ అవతలి పగుళ్ళ నేలను చూసి, "గిదేంది, చెరువు లెక్కనే ఉన్నది" అంది. "ఉండె ఒకప్పుడు" అన్నాడు సారు.

మరుసటి ఏడు వాన పడింది. ఆవలి గుట్టల నీళ్ళన్నీ చెరువుకు చేరాయి. సెప్టెంబరు మొదటి వారానికి నీళ్ళు జలసౌధ ప్రహరీ గోడను తాకాయి. ఊరంతా కట్ట మీదికి పోయి నీళ్ళు చూసి సంబరపడుతుంటే, సారు ఒక్కడే ఎదురు దిక్కు నుంచి చూసి బెంగపడ్డాడు. అప్పుడే ఆయన జీవితంలో మొదటిసారి మత్తడి దగ్గరికి నడిచి వెళ్ళాడు. మత్తడంటే కట్టకు ఒక పక్కన కట్టిన రాతి గోడ. చెరువు నిండినాక మిగిలిన నీళ్ళు దాని మీదుగా దుంకి కిందికి పోతాయి. బడికి కూతవేటు దూరంలో ఉన్న ఈ వరద నివారణ కట్టడం ఆయన ఉపన్యాసంలో ఎక్కడా లేదు. మూసీ ఉంది, గోదావరి ఉంది.

మత్తడిని చూడగానే ఆయనలోని ఇంజనీరు నిద్ర లేచాడు. రాళ్ళు ఒక మూరెడు ఎత్తు తీసేయిస్తే నీళ్ళు ముందే దుంకుతాయి, గోడ దగ్గరికి రావు. ఆ మూరెడు నీళ్ళు పోతే కాలువ చివరి పొలాలకు, వానకాలం తర్వాత వేసే యాసంగి పంట పోతుంది. చెరువు నిండుగా ఉంటేనే వాటికి నీళ్ళెక్కుతాయి. ఆ లెక్క ఆయనకు తట్టలేదు. తట్టినా వేలు ముడిచి చెప్పగలిగిన పాయింటు కాదది.

తన ఇంటి కోసం అని అడగడానికి మొహం చెల్లక, ఊరి కోసం అని అడిగాడు. ఊరికి వరద ముప్పు ఉందని క్లాసులో ప్రకటించాడు. ఊరు కట్టకు అవతలి పక్క మెరక మీద ఉంది. ముప్పు ఎటు నుంచి వస్తుందో మాకు అర్థం కాలేదు. అర్థం అడిగే అలవాటు కూడా లేదు. ఇంజనీర్ల దినోత్సవానికి నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ అమరేందర్‌ను ముఖ్య అతిథిగా పిలిచాడు. పిల్లలు ముందు పాఠం అప్పజెప్పాలి, తర్వాత అందరూ కలిసి మత్తడి తగ్గించమని దరఖాస్తు ఇవ్వాలి. పసిపిల్లలు అడిగితే ఏ ఆఫీసరైనా కరుగుతాడని ఆయన నమ్మకం.

ముందు రోజు రిహార్సల్లో మా గొంతులు మూడో పాయింటు దగ్గరికి రాగానే సారు మొహం మారింది. పాతికేళ్ళలో ఆ వాక్యం ఆయన చెవికి మొదటిసారి చేరినట్టుంది. 'మూడు, చెరువుల శిఖం భూములలో ఇండ్లు నిర్మించుకొనుట.'

"ఆగుండ్రి" అన్నాడు. "రేపటికి మూడోది వద్దు. రెండు అయినంక సీదా నాలుగు."

మళ్ళీ మొదలుపెట్టాం. చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడిచి, నడిమి వేలు నిలబెట్టి, చూపుడు వేలు ముడవాలి. క్లాసంతా ఆ నడిమి వేలు పట్టుకొని తిప్పలు పడింది. వెనక బెంచీ మగపిల్లలు పగలబడి నవ్వారు. సారు ఇద్దరిని కొట్టాడు. సాయంత్రం దాకా చేయించాడు.

మర్నాడు ఏఈ ఆలస్యంగా వచ్చాడు. వచ్చీ రాగానే సమోసా అందుకున్నాడు. ఫోటోకు దండ వేసి, ఆ దండ సరిగ్గా పడిందో లేదో సెల్‌ఫోనులో చూసుకున్నాడు. మేము అందుకున్నాం. ఒకటి, అడవులు నరుకుట. రెండు, చెరువులలో పూడిక పేరుకొనుట. రెండు తర్వాత ఒక చిన్న ఖాళీ వచ్చింది. ముందు వరస నాలుగు అంది. వెనక వరస వేళ్ళు పాత దారినే పోయాయి, నోళ్ళు వాటి వెంట పోయాయి. ముందు వరస కంగారుపడి వెనక వరసతో కలిసింది. అరవై మంది నడిమి వేళ్ళు ముడిచి, బడి పెంకులు అదిరేలా, చెరువుల శిఖం భూములలో ఇండ్లు నిర్మించుకొనుట అన్నాం. తర్వాత నాలుగు, మత్తళ్ళను, కాలువలను చెడగొట్టుట. అది కూడా తీసేయాలని సారుకు తట్టనే లేదు.

ఏఈ సమోసా నమలడం ఆపాడు. ఆయన వచ్చేటప్పుడు రోడ్డు పక్కన జలసౌధ బోర్డు చూసి, తమ శాఖ వాళ్ళ గెస్ట్ హౌసేమోనని డ్రైవరును అడిగి, అది సారు ఇల్లని తెలుసుకున్నాడట.

"సార్, పిల్లలకు మంచిగ నేర్పిండ్రు" అన్నాడు. "ఇగ గీ దరఖాస్తు మీద నేనేం రాయాలె? మూడో పాయింటు రాయాల్నా, నాలుగోదా?"

"అది పాఠం సార్. ఇది ఊరి సమస్య" అన్నాడు పరమేష్ సారు.

"మత్తడి ఎత్తు మీరు పెట్టలే, నేను పెట్టలే. కట్టినోళ్ళు నీళ్ళు యాడిదాక నిలవాల్నో సూసుకొనే పెట్టిండ్రు. వాళ్ళు గూడ ఇంజనీర్లే సార్. ఫోటోలు లేవంతే."

ఆ మాట బాగానే ఉంది. కానీ జలసౌధ పునాది పడ్డప్పుడు ఇదే ఏఈ అదే రోడ్డు మీద జీపులో పక్కకు చూడకుండా తిరిగాడు. అప్పుడు ఆయనకు నీళ్ళు ఎక్కడిదాకా నిలవాలో గుర్తు రాలేదు. దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకొని, ఇంకో సమోసా కాగితంలో చుట్టించుకొని వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు పొద్దున చెరువు నిండింది. సారు ఇంటి వాకిట్లోకి, అక్కడి నుంచి ముందు గదిలోకి నీళ్ళు వచ్చాయి. మంచాలు, టీవీ, పుస్తకాలు డాబా మీది రేకుల గదికి ఎక్కించారు. శ్రీవాణి మేడమ్ మెట్ల మీద కూర్చొని తడిసిన చీర పిండుతూ, "గా పాఠమేదో ఇంట్ల గూడ ఒకనాడు చెప్తే అయిపోవు గద" అంది.

అప్పుడే డప్పు చప్పుడు వినిపించింది. గిరి ముందు, ఊరంతా వెనక, రోడ్డు మీద నిలబడ్డారు. గిరి చేతిలో కొబ్బరికాయ ఉంది. మా ఊళ్ళో చెరువు నిండిందో లేదో మత్తడిని చూసి చెప్పరు. శిఖంలో అన్నిటికంటే మెరకనున్న చెలకకు నీళ్ళెక్కితే నిండినట్టు. ఆ చెలక ఆసామి తన నోటితో నిండిందని చెప్పి, మత్తడి దగ్గర మొదటి కాయ కొట్టాలి. ఆ తర్వాతే చెరువుకట్టను కాచే కట్టమైసమ్మకు యాటను కోస్తారు.

"నువ్వే కొట్టుపో గిరీ. నాకెందుకు" అన్నాడు సారు డాబా మీద నుంచి.

"జాగ మీకమ్మిన గద సార్. జాగతోని కాయ గూడ మీకే వచ్చింది. నేను కొడితె మైసమ్మ ఒప్పుకోదు."

సారు దిగి వచ్చాడు. భక్తితో కాదు. మత్తడి దగ్గర ఊరంతా ఉంటుంది, మగవాళ్ళుంటారు, గడ్డపారలుంటాయి. దారి పొడుగునా ఒక్కొక్కరి చెవిలో చెప్పుకుంటూ నడిచాడు. ఒక్క వరస రాళ్ళు తీద్దాం, ఎండకాలం మళ్ళీ నేనే కట్టిస్తా. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఔననలేదు. పెద్దమనిషి చెప్పేటప్పుడు మా ఊరివాళ్ళు అలాగే వింటారు.

మత్తడి మీద నీళ్ళు పలచగా దుంకుతున్నాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమ చల్లి పూలు వదులుతున్నారు. సారు ఒక గడ్డపార పట్టుకున్న మనిషి చెయ్యి పట్టి చివరి రాయి చూపించాడు. ఆ రాయి మీదికి బక్కమ్మ నడిచి వెళ్ళి, నీళ్ళలోనే కాళ్ళు చాపి కూర్చుంది.

"తియ్యి సారూ. నా మీదికెళ్ళి తియ్యి."

"అవ్వా, పక్కకు జరుగు. వరద సంగతి నీకెరుక లేదు."

"లేదు. నాకు యాసంగి సంగతే ఎరుక. మూడేండ్లయింది నా పొలంల నాటు పడక. నీ ఇంట్ల నీళ్ళు నిలిస్తెనే నా మడిల నీళ్ళు నిలుస్తయి. నేనేం జెయ్యాలె చెప్పు. నువ్వు పోయి ఆడ కట్టుకున్నవు."

ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. గడ్డపార మనిషి గడ్డపారను భుజాన వేసుకొని వెనక్కి తగ్గాడు. ఊరంతా సారు నోటి మాట కోసం చూస్తోంది. డప్పు ఆగింది.

"నిండింది" అన్నాడు పరమేష్ సారు.

జీవితంలో ఆయన చూసి చెప్పిన పాయింటు బహుశా అదొక్కటే. కాయ రెండో దెబ్బకు పగిలింది.

తర్వాత కొన్నాళ్ళు ఆయన రేకుల గదిలోనే ఉన్నాడు. కింది గదిలో నీళ్ళు మోకాళ్ళ లోతు నిలిచాయి. బడికి వచ్చినప్పుడు తనను తాను 'వరద బాధితుడు' అని చెప్పుకునేవాడు. నష్టపరిహారం వస్తుందేమో కనుక్కోమని ఏఈకి ఫోన్లు చేసేవాడు. ఏఈ ఎత్తేవాడు కాదు. వంటగది గడపకు ఇసుక సంచులు పేర్చి, ఇంటికి కూడా ఒక ఆనకట్ట కట్టాడు. నీళ్ళు ఆగలేదు గానీ, నీళ్ళతో లోపలికి వచ్చిన ఒక పెద్ద కొర్రమట్ట చేప తిరిగి బయటికి పోలేకపోయింది. శ్రీవాణి మేడమ్ దాన్ని బకెట్‌లోకి పట్టింది. ఆ సంగతి మధ్యాహ్నానికల్లా చేపల సొసైటీ పెద్ద హనుమంతుకు తెలిసింది. వల భుజాన వేసుకొని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

"సార్, చేపనిస్తె పోత."

"మా వంటింట్ల దొరికింది. మాదే" అన్నాడు సారు.

"వంటిల్లు మీదే సార్, ఎవ్వలు కాదన్నరు. చెరువుల చేప మటుకు సొసైటీది. మీ ఇల్లు చెరువుల లేదని ఒక్క మాటనుండ్రి, ఇట్లనే వాపస్ పోత."

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ప్యాంటు పైకి పట్టుకొని, ఆ ఒక్క మాట అనడానికి కూడా పరమేష్ సారు నోరు తెరిచాడు. శ్రీవాణి మేడమ్ ఆయనను దాటుకొని వచ్చి బకెట్ హనుమంతు చేతికిచ్చింది.

"తీస్కపో అన్నా. బకెట్ తర్వాత ఇద్దువు. జడ్చర్లల కిరాయి ఇల్లు ఎక్కడన్న ఉంటె జర సూసిపెట్టు. మెరక మీద."