తడి గోనెలో గడియారం

మామ పోయాడని మొన్న తంతి వచ్చింది. అవ్వకు, అంటే మా అమ్మకు, నేనే చదివి చెప్పాను. ఆమె తమ్ముడిని ఎరుగని మన కళాశాల మిత్రుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మామ సైన్యానికి గడియారాలు చేసేవాడు. ఎక్కడని అడిగితే చెప్పేవాడు కాదు. తన చేతికి మాత్రం గడియారం ఉండేది కాదు, "టైమెంతయిందిరా?" అని నన్నే అడిగేవాడు. ఆయన చేసేవాటిలో ముళ్లు, లోలకం ఉండవు. రుబీడియం అనే లోహపు పరమాణువుల కంపనమే కాలానికి కొలత. బీరువా అంత ఉండే ఆ యంత్రాన్ని సిపాయి వీపున మోసేంత చిన్నది చేయడమే మామ పని.

"దుష్మన్ వినకుండ, అడివిల చెరో దిక్కున్న సిపాయిలు ఒక్కపారే రేడియో తరంగం మార్చుకోవాలె. ఒకని గడియారం తప్పితే వానికి తోటోని మాట వినరాదు. చిన్నగ చేసుడు కాదురా, ఎండల వానల ఒక్క తీరుగ ఉంచుడే కష్టం," అనేవాడు. స్థిరం అనే మాట నాకు అప్పటి నుంచే ఇష్టం.

ఒక వేసవిలో పరీక్ష కోసం ఆ పెట్టెను లారీలో ఆదిలాబాద్ దారిన తెచ్చారు. ఇచ్చోడలో మా ఇంటి ముందు ఆగినా మామ లోపలికి రాలేదు. పెట్టెను విడిచి రాడు. అవ్వ జొన్నరొట్టెలు లారీ దగ్గరికే తీసుకుపోయింది. ఆయన చేతులు కడుక్కునేలోగా, ఎండకు కాలుతున్న ఆ పెట్టెకు మంచినీళ్ల కుండకు చుట్టినట్టే తడి గోనె చుట్టింది.

పోలిక కోసం లారీలోనే తెచ్చిన పెద్ద గడియారంతో పోల్చి చూస్తే చిన్నది తప్పింది. పరీక్ష చెడింది. మామతో వచ్చిన తోటి ఉద్యోగి తల పట్టుకున్నాడు.

"సల్లగుంటదనుకున్న తమ్మీ," అంది అవ్వ.

"దానికి సల్లదనం వద్దక్కా. లోపల ఎప్పటికీ ఒక్క తీరు వేడుండాలె. ఫికర్ చెయ్యకు. రేపు సిపాయి వాగుల దిగితె గిదే అయ్యేది. నువ్వు జర ముందుగాల చూపెట్టినవ్."

"అంటే నీ పెట్టెకు సలిజెరం తెచ్చింది నేనే అన్నట్టు."

మామ రొట్టె నములుతూనే నవ్వాడు.

ఆ ఏడంతా ఆయన వేడి చెదరకుండా పెట్టె లోపల మరో గోడ కట్టే పనిలోనే ఉన్నాడట. మరుసటి వేసవిలో మళ్లీ లారీ వచ్చింది.

"అక్కా, గోనె తడిపి తే."

"మళ్ల నన్ను బద్నాం చేస్తవా?" అంటూనే అవ్వ చుట్టింది. మామ పెద్ద గడియారాన్ని, చిన్నదాన్ని మార్చి మార్చి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. రెండూ కలిసే నడిచాయి. ఆయన లారీ దిగి, లోపలికి వచ్చి, కడుపునిండా తిని, చాప మీద పడుకున్నాడు. బయట లారీలో పెట్టె ఒక్కటే ఉంది, కాపలా ఎవరూ లేరు. గోనె నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా ఎండలోకి జారుతుంటే, మామ సాయంత్రం దాకా కదలకుండా నిద్రపోయాడు.