మేడంకు తెలుగు రాదనుకున్న రోజు

కర్ణాటకలోని మా చింతామణిలో నేను ఇప్పటికీ ముఖం చూపించలేని చోటు ఒకటుంది. అది నగరసభ, అంటే మున్సిపాలిటీ ఆఫీసు. ఇంటి పన్ను కట్టడానికి కూడా మా ఆవిడనే పంపుతాను. అక్కడివాళ్ల ముందు నా పరువు ఎలా మంటగలిసిందో చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ ఊళ్లో ఎవరికీ చెప్పకండి. ఊళ్లో అందరికీ తెలుసనుకోండి, అది వేరే సంగతి.

నాన్న స్టీలు పాత్రల అంగడి అప్పుడే నా చేతికొచ్చింది. మా బజారు వీధికి కొత్త ఫుట్‌పాత్, కాలువలు, లైట్లు వేసి కళ తెస్తామన్నారు నగరసభవాళ్లు. ముందుగా జనం మాట వినాలని అచ్చ కన్నడ సీమ ధార్వాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన కమిషనర్ మేడం ఫోన్లో వీడియో మీటింగు పెట్టారు. వీధి మొత్తానికి లింకు నొక్కడం తెలిసిన పండితుణ్ణి నేనే గనుక అంగళ్లవాళ్లు నన్ను నాయకుణ్ణి చేశారు. ఒళ్లు పొంగిపోయింది. ఇస్త్రీ చొక్కా కూడా తొడిగాను.

అందరికంటే ఎక్కువగా నన్ను నమ్మింది పూల మునెమ్మ. మా అంగడి ముందే కూర్చుని పూలమ్ముతుంది. కొత్త ప్లానులో పూలవాళ్లను బస్టాండు వెనక్కి పంపుతారని వినికిడి. అక్కడ పూలు ఎవరు కొంటారు, ఎనుములా?

"నా జాగా పోతే యాడికి పొయ్యేదప్పా? కూతురి బిడ్డల్ని నేనే సాక్తాండా," అంది.

"నేనుండాను కదమ్మా! నా పక్కన కూచోని చూస్తా ఉండు," అన్నాను.

అంగళ్లవాళ్ల ఫోన్లలో లింకు నేనే నొక్కిచ్చాక మీటింగు మొదలైంది. మేడం నిదానంగా కన్నడంలో విషయం చెప్పారు. అంగళ్లవాళ్లు రోడ్డు మీదికి పెంచుకున్న మెట్లు, రేకుల షీట్లు తీసేస్తే పూలవాళ్లకు ఉన్నచోటే జాగా ఇస్తారు. తీయకపోతే వాళ్లను పంపక తప్పదు. మా మెట్టు సంగతి మీకు చెప్పలేదు కదూ? అది మెట్టు కాదు, పెళ్లి మంటపం. అంగట్లో సగం బిందెలూ డ్రమ్ములూ దాని మీదే కాపురం.

"హౌదు మేడం, అన్నీ తీసేస్తాం," అని కన్నడంలో అవునంటూ చేతులు జోడించాను.

ఇక్కడ, ఇళ్లలో తెలుగే మాట్లాడే మా తాలూకా అలవాటొకటి చెప్పాలి. ఆఫీసరు ముందు వినయమంతా కన్నడంలో ఒలకబోస్తాం. పక్కకు తిరిగి అసలు సంగతి తెలుగులో మాట్లాడుకుంటాం. బయటినుంచి వచ్చిన ఆఫీసరుకు తెలుగు రాదని మా గట్టి నమ్మకం. ఆ ధైర్యంతోనే మైకు ఆపకుండా మొదలుపెట్టాను.

"ఎవురూ భయపడద్దండప్పా! ఇప్పుడు అన్నిటికీ హౌదు అనండి. ఈమె ఈడ ఎన్నాళ్లుంటాది? ట్రాన్స్‌ఫర్ అయి పోతానే మన మెట్లు మళ్లీ కట్టుకుందాం."

"అంతవరకూ షీట్లు ఇప్పి ఇంట్లో పెట్టుకుంటే సరి," అన్నాడు నూనె అంగడి నారాయణప్ప. "చూస్తే కాలేజీ పిల్ల మాదిరి ఉండాది. ఏం తెలుస్తాది ఆయమ్మకు?"

"పాపం, తలూపతాంది చూడు!" అని నేను పగలబడి నవ్వాను.

ఏమంటున్నారని మేడం కన్నడంలో అడిగారు. "తమ ప్లాను బ్రహ్మాండం అంటున్నారు మేడం," అని అనువదించాను.

మునెమ్మ నా మోచెయ్యి గిల్లింది. "మెట్లు మళ్లీ కట్టుకుంటే నేను యాడ కూచునేదప్పా?"

"ఊరుకోమ్మా, రాజకీయం నీకు తెలీదు."

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నోరు విప్పారు, తెలుగులో!

"అంతా అయిందా అప్పా? ఇంగేమన్నా ఉండాదా?"

నారాయణప్ప బొమ్మ తెర మీదినుంచి మాయమైంది.

"మాయత్తది గూళూరు, మీ పక్క తెలుగూరే," అన్నారు మేడం. "నాకు రాదనుకోని దినామూ నన్ను తెలుగులోనే తిడతాది. వినీ వినీ నేర్చుకుంటి. నాకు తెలుగొచ్చని ఆయమ్మకు ఇంగా తెలీదు, మీరు చెప్పద్దండి. సరే, పూలమ్మే ఆయమ్మ నీ పక్కనే కూచోనుండాది కదా? ఆమెకే చెప్పు. నీ మెట్టు ఉండల్లా, ఆమె జాగా ఉండల్లా?"

మునెమ్మ నన్ను తిట్టినా బాగుండేది. భయం భయంగా నా ముఖంలోకి చూసింది. నన్ను నమ్మి పొద్దుటి బేరం వదులుకుని వచ్చిన మనిషి! నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆమె జాగానే ఉండల్ల మేడం. మెట్టు నేనే పగలగొడతా," అన్నాను.

పగలగొట్టాను కూడా. నా సుత్తి చప్పుడు విని నారాయణప్ప కిక్కురుమనకుండా షీటు విప్పాడు. మిగతావాళ్లూ అంతే. కొత్త ఫుట్‌పాత్ మీద మునెమ్మకు రంగుతో గీసిన జాగా వచ్చింది. నేను మాత్రం మా అంగట్లోకి కప్పలా ఎగిరి దూకాల్సి వచ్చింది.

పనులయ్యాక వీధి చూడటానికి మేడం వచ్చారు, అత్తగారితో సహా. ఆ పెద్దావిడ నేరుగా మునెమ్మ ముందు నిలబడి, "బిగువుగా కట్టిన మాల ఇయ్యమ్మా. మా కోడలికి బేరం చేసే తెలివి ల్యాదు. తెలుగు ఒక ముక్క రాదు," అంది.

మేడం ఏమీ అర్థం కానట్టు చిన్నగా నవ్వుతూ నావైపు చూశారు. నేను గబుక్కున ఒక బిందె తీసుకుని ముఖానికి అడ్డం పెట్టుకుని తుడవసాగాను. మునెమ్మ ఒక మూర ఎక్కువే కొలిచి మేడం చేతిలో పెట్టింది.

అంగట్లోని చెంబులూ తపేలాలూ సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, అత్తగారిది ఏ ఊరో అడిగి తెలుసుకోకుండా ఎదుట తెలుగులో నోరు విప్పను గాక విప్పను.