నీలం సీసాలు, బోర్లించిన గోలెం

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్‌లో మేముండే కిరాయి ఇంటి గేటుకు నీలం సీసాలు వేలాడుతుండేవి. సీసాలో నీళ్లు పోసి, రెండు చుక్కల నీలిమందు కలిపి వేలాడదీస్తే కుక్కలు అక్కడ మూత్రం పోయవని నమ్మకం. రుజువేంటని అడిగితే పెద్దవాళ్లకు కోపం. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఒక ఎండాకాలం పొద్దున మా మోతి ఆ సీసాను నాకుతూ కనిపించింది. గోధుమరంగు ఊరకుక్క. నేను పుట్టకముందే అమ్మ చేతి జొన్నరొట్టెకు అలవాటుపడి మా ఇంటిదైపోయింది. నీళ్లు లోపల, నాలుక బయట... మధ్యలో గాజు.

ఎందుకంటే, అంతకుముందు రోజే అది నీళ్లు తాగే మట్టి గోలెం బోర్లించారు.

ముసలిదయ్యాక మోతికి దాహం పట్టుకుంది. గోలెం ఖాళీ చేసి, వెళ్లి నల్లా కింద నిలబడేది. తాగిందంతా గేటు దగ్గర పోసేది... రంగూ వాసనా లేకుండా, అచ్చం నీళ్లలాగే. ఒళ్లు చిక్కిపోయింది. నోరు తెరిస్తే అదోరకం కంపు. పొద్దున్నే పచ్చటి నురగ కక్కేది. రొట్టె వేస్తే మూతి తిప్పుకునేది. అమ్మ దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. నవ్వకండి. మనుషులకే దవాఖానలో దిక్కులేని రోజుల్లో కుక్క కిడ్నీల గురించి ఆమెకు ఎవరు చెప్పారు?

నా కోపమంతా ఓనరమ్మ మీద.

"ఏంది యాదమ్మా, మీ కుక్క నా ముగ్గును నిలవనిస్తలేదు!"

"ముసల్దైంది అక్కా, జర ఓపిక పట్టుండ్రి."

"ఓపిక నాకుంది, నా గేటుకు లేదు. నీళ్లు బంద్ చెయ్యి, గదే బంద్ అయితది. లేకుంటే వేరే ఇల్లు చూసుకోండ్రి."

కిరాయికి ఉండేవాళ్లకు వాదించే హక్కు ఎక్కడిది? అమ్మ గోలెం బోర్లించింది. ఆ ఎండాకాలం దాటలేదు మోతి... సీసాల కిందే పోయింది.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో అపార్ట్‌మెంట్. అమ్మ నాతోనే ఉంటుంది. మా కుక్క చిన్ని కూడా ముసలిదైంది. పోయిన నెల ఒకరోజు నింపిన గిన్నె నింపినట్టే ఖాళీ చేస్తుంటే, నాకు ఆ సీసా గుర్తొచ్చింది. ఆ రోజే దవాఖానకు తీసుకెళ్లాను. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ చెప్పింది.

"కిడ్నీలు దెబ్బతిన్నయ్ మేడమ్. ఒంట్ల నీళ్లు నిలుస్తలేవు, అందుకే గంత దూప. నీళ్లు మాత్రం అస్సలు ఆపొద్దు. నీళ్ల మీదనే బతుకుతున్నది."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ లేచి చిన్ని గిన్నె నింపింది.

"అయితే మోతి దూపతోనే పోయిందా బిడ్డా?"

"గోలెం బోర్లించింది నువ్వు కాదమ్మా, ఆ గేటు" అన్నాను. నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక వాదన ఉంటుంది కదా... అమ్మకు అది పనికి రాలేదు.

లిఫ్టులో చిన్ని ఆగలేకపోతే నేనే తుడిచాను. అయినా మా అసోసియేషన్ సెక్రటరీ తలుపు కొట్టారు.

"సాయంత్రం ఐదు దాటాక దానికి నీళ్లు పెట్టకండి మేడమ్. అందరికీ ఇబ్బందిగా ఉందండీ."

"మీకు షుగరుంది కదండీ... ఐదు దాటాక మీ ఇంట్లో బిందె దాచేయమని ఆంటీకి చెప్పనా?"

ఆయన వెళ్లిపోయారు. తెల్లారేసరికి పార్కింగ్‌లో స్తంభాల పక్కన నీలం సీసాలు! ఈసారి ప్లాస్టిక్‌వి. ఇన్నేళ్లలో మనం సాధించిన ప్రగతి అదీ.

నేను వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి పెద్ద వ్యాసం టైపు చేస్తున్నాను. ఈలోపు అమ్మ చిన్న మట్టి గోలెం చంకన పెట్టుకుని, చిన్నిని వెంటేసుకుని కిందికి దిగింది. ఆ సీసాల పక్కనే పెట్టి నిండా నీళ్లు పోసింది.

"ఎవడు బోర్లిస్తడో చూస్త" అంది, ఎదురుగా కుర్చీ వేసుకుని.

చిన్ని తాగుతోంది. అమ్మ దాని వీపు నిమురుతోంది. "తాగు మోతీ... తాగు."

నేను సరిదిద్దలేదు. వ్యాసం కూడా పూర్తి చేయలేదు.

ఇప్పుడు మందులున్నాయి, సెలైన్లున్నాయి, చిన్నికి ఇంకొన్నాళ్లున్నాయి... మోతికి కనీసం నీళ్లుంటే బాగుండేది.

మీ ఇంటి ముసలి కుక్క ఉన్నట్టుండి గిన్నెలకు గిన్నెలు తాగేస్తుంటే, గిన్నె దాచకండి. దవాఖానకు తీసుకెళ్లండి. మీ గేటు దగ్గర పడుకుని వెళ్లిపోయిన వాళ్ల పేర్లు కింద రాయండి... ఒక్కసారి పిలుచుకుందాం.