మేడమ్‌కు కప్పిన శాలువా

ఎల్‌బీ నగర్‌లో మా కౌన్సెలర్ గదిలో అన్నీ మెత్తగానే ఉంటాయి, ఆమె గొంతుతో సహా. "మిమ్మల్ని కొట్టిన మేడమ్‌కి ఉత్తరం రాయండి. పంపకండి, చింపేయండి" అంటుంది. తొమ్మిది రాశాను, తొమ్మిదీ చింపాను. కాగితాలు తప్ప ఏమీ తగ్గలేదు.

నేను అక్కడికి వెళ్లింది నా కూతురి వల్ల. నాలుగో తరగతి. భాగహారం మూడోసారి తప్పు చేసిందని చెక్క స్కేలుతో దాని వేళ్ల కణుపుల మీద కొట్టాను, స్కేలు నిలువుగా పట్టుకుని. అలా పడితే ఎక్కువ తగులుతుందని నాకు నేర్పిందెవరో కొట్టాక గుర్తొచ్చింది. అప్పట్నుంచి జడ వేద్దామని చెయ్యెత్తినా పిల్ల భుజాలు బిగుసుకుంటాయి. నాకు నయమైనా కాకపోయినా సరే, ఆ భుజాలు వదులైతే చాలు.

నా ఇంటర్మీడియట్ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో. మా లెక్కల మేడమ్‌కు ఒక పద్ధతి ఉండేది. వారం పరీక్షలో మార్కులు తగ్గిన పిల్ల భోజనాల గది గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరికీ తన మార్కులు తానే చెప్పాలి. గొంతు తగ్గితే స్కేలు. అందరూ తిన్నాకే మన కంచం. ఇప్పటికీ ఎక్కడైనా సాంబారు వాసన వస్తే నా చేతులు వాటంతట అవే వెనక్కి పోతాయి.

మొన్న ఆ బ్యాచ్ వాళ్లంతా ఫంక్షన్ హాల్లో కలుద్దామన్నారు. మేడమ్ కూడా వస్తోందట. నేను ఒక్క వాక్యం సిద్ధం చేసుకున్నాను: 'మీరు నన్ను కొట్టినట్టే నేను నా కూతుర్ని కొట్టాను మేడమ్.' పిల్ల వింటుండగా అనాలి. తప్పు నాదని పిల్లకు నేరుగా చెప్పే ధైర్యం లేక వెతుక్కున్న అడ్డదారి అది. "నన్ను కొట్టిన మేడమ్‌తో మాట్లాడతా, చూద్దువుగాని రా" అని వెంట తీసుకెళ్లాను.

అక్కడ చూస్తే ఎవరు ఎన్ని దెబ్బలు తిన్నారో పోటీపడి చెప్పుకుంటూ పడీపడీ నవ్వుతున్నారు. అప్పట్లో ఆ గుమ్మం దగ్గర నా పక్కనే నిలబడి ఏడ్చిన స్నేహితురాలు మైకు పట్టుకుంది. "గా దెబ్బలు తినబట్టే గదా మనం ఇయ్యాల గిట్లున్నం!" అంది. ఒకటే చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. మనం ఎట్లున్నామో ఒక్కరైనా ఇంటికెళ్లి పిల్లల్ని అడిగారా? అక్కడ ఆ మెత్తటి గదిలో నేనొక్కదాన్నే, కౌన్సెలర్ చెప్పినట్టు, ఊపిరి లెక్కపెట్టుకుంటాను. ఇక్కడ ఇంతమంది కలిసి చప్పట్లు కొడతారు. ఇంక నాకు నయమయ్యేదెక్కడ?

అంతలో ఆ స్నేహితురాలే మైకులో నన్ను పిలిచింది. "శాలువ నువ్వే కప్పాలె, రావే!"

వేదిక ఎక్కాను. మేడమ్ బాగా చిక్కిపోయింది, మోకాళ్ల నొప్పులతో కుర్చీలోంచి లేవలేదు. వాక్యం నాలుక చివరే ఉంది. ఎవరో చేతిలో శాలువా పెట్టారు. కప్పాను. ఫొటో అన్నారు, నవ్వాను. అంతటితో ఆగానా, వంగి కాళ్లకు దండం కూడా పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు.

"చల్లగా ఉండమ్మా. నువ్వు ఏ సెక్షన్?" అంది మేడమ్.

మెట్రోలో ఇంటికి బయల్దేరాం. చైతన్యపురి దాటాక పిల్ల అడిగింది.

"అమ్మా, నిన్ను కొట్టింది ఆ మేడమేనా?"

"అవును నాన్నా."

"మరి నేను పెద్దగైనంక నీకు గూడ శాలువ కప్పాల్నా?"

రాసిన తొమ్మిది ఉత్తరాల్లో ఒక్కటీ పిల్లకు రాయలేదు నేను. అడుగుతున్నంతసేపూ అది నా చేతుల వైపే చూస్తోంది.