బర్మా హోటల్లో వెదురు చిగురు

మాది ఒడిశా కొండల్లోని దామంజోడి. రెండేళ్ల క్రితం మావారి గొంతులో గడ్డకి రేడియేషన్ ఇప్పించడానికి హైదరాబాదులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. ఆయన నాలుకకి రుచి పోయింది. నేనేం వండినా పక్కకి నెట్టేసేవారు. ఇలాగే తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందన్నారు డాక్టరు.

కొత్త రుచులైనా పట్టవచ్చని అమ్మాయి ప్రతి ఆదివారం ఒక్కో దేశం హోటలుకి తీసుకెళ్లేది. జపాన్ సూపు, కొరియా అన్నం, థాయ్ నూడుల్స్, అన్నీ ఆయనకి ఒకటే.

"మట్టి తిన్నట్టుంది. ఇంటికెలిపోదాం" అనేవారు. ఆ హోటళ్ల మెట్లు ఎక్కీ దిగీ నేనూ అలసిపోయాను.

నాలుగో వారం బర్మా హోటలు. గిన్నె మూత తీయగానే వచ్చిన పుల్లటి వాసనకి ఆయన ముఖం మారిపోయింది.

"ఇది కరడి కదే! మన సంతలో కొండల్నించి దిగే దేశియా ఆడోళ్లు అమ్మే వెదురు సిగురు!" అని గట్టిగా అరిచి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చేశారు. కారం ఎక్కువైందనుకుని సర్వరు నీళ్లతో పరుగెత్తుకొచ్చాడు. నేను సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"రుచి తెలుస్తోందేటి నాన్నా?" అంది అమ్మాయి.

"పులుపు తెలస్తందమ్మీ" అంటూ గిన్నె ఎత్తి తాగేశారు. ఇంకోటి తెమ్మన్నారు.

ఆ తర్వాత గొట్టం అవసరం రాలేదు. ఆ రోజు హోటల్లో ఆయన రెండో గిన్నె తాగుతుంటే నాకు ఆకలేసింది. ఎన్ని వారాలుగా ఆకలన్నదే తెలియకుండా తిరిగానో అప్పుడు తెలిసింది.