విత్తనం ఒలిచే చేతులు

కంబదూరు బయమ్మకు మతిమరుపు ముదిరి మనుషులంతా మరుపున పడ్డా, విత్తనం ఒలవడం మాత్రం ఆమె చేతులు మరవలేదు. మనిషి ఇల్లు దాటి పోకుండా కోడలు నాగవేణి రోజూ ఆమెకు నీళ్లు పోసి, సంగటి కలిపి నోట్లో పెట్టి, అరుగు మీద చాటలో శెనక్కాయలు పోసి ఎదురుగా కూర్చుంటుంది. ముసలామె బొటనవేలితో కాయ చిట్లించి, గట్టి గింజను చాటలోనే ఉంచి, ముడుచుకుపోయినదాన్ని చూడకుండానే పక్కకు విసిరేస్తుంది. దారిన పోయేవాళ్లు పలకరిస్తే మాత్రం, "మా కోడలు కూడు పెట్టలేదప్పా" అంటుంది. మొదట్లో నాగవేణి ఎదురు చెప్పేది. ఇప్పుడు తల వంచుకుని కాయలు ఒలుస్తుంది.

ఆ పొద్దు అత్త పక్క తడిపింది. బొంతలు ఉతికి ఆరేసేసరికి నాగవేణికి తినడానికి తీరలేదు. వచ్చి కూలబడి నాలుగు కాయలు ఒలిచిందో లేదో, బయమ్మ ఆమెను కూలికొచ్చిన మనిషనుకుంది.

"మొగం వాడిపోయిండాది. తిన్నావా, తల్లీ?"

ఇన్నేళ్ల కాపురంలో అత్త నోట ఆ మాట రావడం అదే మొదలు.

"మా కోడలు నాకే పెట్టదు, నీకేం పెడ్తాది. ఇదో, అది చూడకముందే కట్టుకో" అంటూ ముసలామె గుప్పెడు గట్టి గింజలు తీసి చేయి చాచింది.

నాగవేణి కొంగు పట్టింది.