చిన్న గొంతు

ఫలక్‌నుమాలో రైలెక్కి నా ఎదురుగా కూర్చున్న పెద్దావిడ సర్కారు బడిలో చిన్నపిల్లల టీచరట. తన ఫోన్ నా ముందు పెట్టింది.

“ఇది పిల్లలు చదువుతుంటే విని మార్కులేసే యాప్. జర మెల్లగ చదువు బిడ్డా, గుసగుసలెక్క.”

తెర మీది రెండు వాక్యాలు మెల్లగా చదివాను. ఎర్రగా వచ్చింది: ‘చదవడం రాదు.’

ఆవిడ ఫోన్ వెనక్కి తీసుకుంది.

“మా రెండో తరగతి పిల్లకు గిట్లనే వచ్చింది. దాని గొంతు చిన్నది. పిల్లలందరు నవ్విండ్రు. గప్పటిసంది బడికి వస్తలేదు.”

“ఆ పాప చదివినప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదా, మీకు వినపడలేదా?” అనేశాను.

దబీర్‌పురా రాగానే ఆవిడ ఫోన్ సంచిలో వేసుకుని లేచింది. దిగబోతూ నా భుజం పట్టుకుంది.

“వినపడ్డది బిడ్డా. ఒక్క అక్షరం తప్పు పోలే. అయినా రిజిస్టర్ల ఫోన్ చెప్పిందే రాసిన.”